మా కుక్క ఏం చెయ్యదండీ అనేవాళ్ళకి కూడా ఒక రూలు పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను మీ పేపర్ వేసే మనిషినండి. పాతపట్నంలో కట్టలు దింపుకుని అక్కడ కొన్ని ఇళ్ళు, తర్వాత ఒడిశా బోర్డర్ దాటి పర్లాకిమిడిలో తెలుగువాళ్ళ ఇళ్ళు, నాలుగున్నరకి మొదలెడితే ఏడున్నరకి అయిపోతాది. సైకిల్ మీద మొదలెట్టాను, ఇప్పుడు మోపెడ్, మొత్తం ఇరవై రెండేళ్ళు. పేపర్ మొయ్యడమే గానీ పేపర్‌కి రాయడం ఇదే మొదలు, తప్పులుంటే దిద్దుకోండి, వాడుక భాషలో రాశానని మాత్రం పక్కన పడెయ్యకండి, గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది.

విషయం ఏటంటే ప్రమాదకరమైన కుక్కల జాతుల మీద గవర్నమెంటు ఆంక్షలు అని మీ పేపర్లోనే అప్పుడప్పుడూ వస్తాది కదా, పిట్‌బుల్ బ్యాన్, రాట్‌వీలర్ బ్యాన్ అని, చదివిన ప్రతిసారీ నాకు చెప్పాలనిపిస్తాది, ఎందుకంటే ఈ ఊళ్ళో కుక్కలతో రోజూ పనున్న మనిషిని నేను. పశువుల డాక్టరు గారి తర్వాత నేనే అనుకోండి.

చీకట్లో తిరిగేవాడికి మనుషుల కన్నా కుక్కలే ఎక్కువ పరిచయం. ఏ సందులో ఏది అరిచి ఊరుకుంటాది, ఏది అరవకుండా వెనకనించి వస్తాది, దేనికి నా బండి సౌండ్ తెలుసు, అన్నీ కంఠతా వచ్చు. నీలమణి దుర్గ గుడి వైపు ఒక ఎర్ర కుక్క ఉంది, నన్ను చూస్తే నాలుగిళ్ళు కూడా పరిగెట్టి దాని హద్దు రాగానే టక్కున ఆగిపోతాది, ఒక్క అడుగు ముందుకెయ్యదు. ఈ హద్దు సంగతి మళ్ళీ వస్తాను.

ఇన్నేళ్ళలో నన్ను మూడు సార్లు కుక్క కరిచింది. ఒకటి పిల్లలు పెట్టిన వీధి కుక్క, అది నా తప్పే, చీకట్లో దాని పిల్ల మీదకి నా చక్రం ఎక్కబోయింది. మిగతా రెండు సార్లూ ఒకే కుక్క, తెల్ల బొచ్చు పొమేరియన్, దాన్ని ఆ ఇంటావిడ ఎత్తుకునే ఉంటాది, నన్ను చూడగానే దూకుతాది. ఏ గవర్నమెంటు లిస్టులోనూ పొమేరియన్ నేను చూళ్ళేదు, నన్నడిగితే మొదటి పేరు అదే రాస్తాను. సరదాకి అన్నాను గానీ అది కరిస్తే పేంటు చిరిగి రెండు గాట్లు పడ్డాయి, ఇంజెక్షన్లు వేయించుకుని పన్లోకి వెళ్ళిపోయాను. నలభై కిలోలు దాటిన కుక్క పట్టుకుంటే ఏటవుద్దో మాత్రం ఈ మధ్యదాకా నాకూ తెలీదు.

మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు, ఆదివారాలు నాకు సాయం వస్తాడు. ఆదివారమే ఎందుకంటే మామూలు రోజు పేపర్‌ని మూడు మడతలు పెట్టి ఒక కొస లోపలికి దోపీసి బండి దిగకుండా గేటు మీంచి విసిరితే సరిగ్గా అరుగు మీద పడతాది, ఆదివారం లోపల పుస్తకం ఉంటాది కదా, విసిరితే పుస్తకం కుండీలో పేపర్ బురదలో పడి ఏడు గంటలకల్లా ఫోన్లు మొదలవుతాయి. అందుకని ఆదివారం దిగాలి, గేటు తియ్యాలి, లోపల పెట్టాలి. ఒక్కడి వల్ల అవదు.

ఆ ఇల్లు ఒక రిటైర్డ్ మేష్టారిది. బోర్డర్‌కి ఏ వైపో చెప్పను, చెప్తే ఊరందరికీ తెలిసిపోద్ది, ఆయన మంచాయన, నెల మొదటి తారీకున పిలిచి డబ్బులిచ్చే రకం. డెబ్బై నాలుగేళ్ళు, భార్యా ఆయనా ఇద్దరే ఉంటారు. కొడుకు హైదరాబాదులో ఉద్యోగం, అమ్మానాన్నా ఒంటరిగా ఉన్నారు దొంగల భయం అనీసి రాట్‌వీలర్ పిల్లని కొని తెచ్చి ఒగ్గీసి వెళ్ళిపోయాడు. పద్దెనిమిది వేలంట, ఫోన్లో వీడియో చూసి కొన్నాడంట, జాతి ఇదీ అని చెప్పే కేసీఐ (కెన్నెల్ క్లబ్) కాగితాలు లేవు, అసలు రాట్‌వీలరో, క్రాసో ఎవరికీ తెలీదు. మా వైపు ఇది కొత్త కాదు. పిల్లలు హైదరాబాదు, విశాఖపట్నం, బెంగుళూరు వెళ్ళిపోతారు, ఇక్కడ ముసలాళ్ళకి కాపలా కుక్క. ఆ కుక్కకి వాకింగ్ ఎవరు తిప్పుతారు? మేష్టారికి మోకాళ్ళ నొప్పులు. పొద్దున్నించి సాయంత్రం దాకా మెట్ల కింద గొలుసు, మధ్యాన్నం రేకు షెడ్డు వేడి, రాత్రి పెరుగన్నం, ఆదివారం కోడి కాళ్ళు. ఏడాదిన్నరకి దూడంత అయింది. పేరు బ్రూనో.

ఆ రోజు గొలుసు కొక్కెం అరిగిపోయి ఉంది, తర్వాత నేను చేత్తో పట్టుకుని చూశాను, లోపలి స్ప్రింగు లేదు, ఊరికే తగిలించి ఉంది అంతే. మావోడు గేటు గొళ్ళెం తీసి లోపల అడుగు పెట్టాడు. అరవలేదండి ఆ కుక్క. అరిస్తే బయటకి దూకేవాడు. నేను ఎదురింట్లో పేపర్ పెడుతున్నాను, మావయ్యా అని ఒక్క కేక వినబడింది, తిరిగి చూస్తే మోచేతి కింద పట్టుకుని ఉంది, పట్టుకుని ఒగ్గట్లేదు, తల అటూ ఇటూ విదిలిస్తోంది. వీధి కుక్క కరిచి పారిపోతాది, ఇది పారిపోదు. మేష్టారు లుంగీతో పరిగెత్తుకొచ్చి మెడ బెల్టు పట్టుకుని లాగారు, ఆయన్నే ఈడ్చుకుపోయింది. చివరికి ఆయన భార్య నీళ్ళ బకెట్ మొహం మీద కొడితే ఒగ్గింది. ఆదివారం పుస్తకం రక్తంలో తడిసిపోయింది, పేపర్ మాత్రం వాడి చంకలోనే ఉంది, అదెందుకో ఇప్పటికీ కళ్ళ ముందు కదుల్తాది.

చుట్టుపక్కలోళ్ళు వచ్చి ఒకరు పసుపు, ఒకరు కారం, ఒకరు సున్నం తెచ్చారు. ఇది చదివే వాళ్ళకి చెప్తున్నాను, అవేవీ పెట్టకండి. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి, నొప్పి పుట్టినా సరే, నాకది పొమేరియన్ పుణ్యమా అని తెలుసు. తర్వాత ఆస్పత్రి. కండ తెగింది గానీ వెంటనే కుట్లు వెయ్యకూడదంట, ముందు గాయం లోపలికి ఇమ్యునోగ్లోబులిన్ అని రేబిస్‌ని అక్కడే అడ్డుకునే ఇంజెక్షన్ ఎక్కించాలంట, రోగం బయటపడ్డాక రేబిస్‌కి మందు ఉండదు కాబట్టి ముందు అదే ముఖ్యం అన్నారు, అని అదే మా దగ్గర లేదు, పెద్దాస్పత్రికి వెళ్ళండి అన్నారు. ఆస్పత్రి పేరు చెప్పను, ఆ నర్సమ్మ చేతిలో ఏముంది పాపం. కారు మాట్లాడుకుని వెళ్ళాం. రెండు జబ్బలకీ టీకా, సున్నా రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు, కార్డు ఇచ్చారు. మధ్యలో వాడి ఇంటర్నల్ పరీక్షలు పోయాయి.

ఇక స్టేషన్లు. కరిచింది ఒక స్టేట్‌లో, వాడి ఆధార్ ఇంకో స్టేట్‌లో. ఒక స్టేషన్లో మీ అడ్రస్ అక్కడిది కదా అక్కడ ఇవ్వండి అన్నారు, అక్కడికెళ్తే జరిగింది అక్కడ కదా అన్నారు. బస్సు చార్జీలు నావి. తర్వాత నా పేపర్ ఇళ్ళల్లో ఒక లాయర్ గారున్నారు, ఆయన చెప్పారు, కొత్త చట్టంలో ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు అని. పెంపుడు జంతువుని జాగ్రత్తగా ఉంచకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్, ఆరు నెలల జైలు గానీ 5000 ఫైన్ గానీ రెండూ గానీ. పాత ఐపీసీ 289లో అయితే ఫైను 1000 రూపాయలే. పద్దెనిమిది వేల కుక్కకి 5000 ఫైను, అదీ మహా ఎక్కువంటే.

మేం కేసు పెట్టలేదు. మేష్టారు ఖర్చులన్నీ ఇచ్చారు, ఏడ్చారు కూడా. కానీ కొడుకు ఫోన్ చేసి ఏటన్నాడో తెలుసా, "మా బ్రూనో ఏం చెయ్యదండీ, ఆ అబ్బాయి భయపడి ఉంటాడు, భయపడితే వాటికి తెలిసిపోద్ది" అన్నాడు. ఇరవై రెండేళ్ళలో ఈ మాట నేను ఎన్ని గేట్ల దగ్గర విన్నానో లెక్క లేదు. ఏం చెయ్యదండీ అని చెప్పేవాళ్ళ చెయ్యి ఆ టైంకి కుక్క గొలుసు మీద ఉండదు, కాఫీ గ్లాసు మీద ఉంటాది.

ఇప్పుడు గవర్నమెంటు లిస్టు సంగతి. 2024 మార్చి 12న కేంద్రం, పశుసంవర్ధక శాఖ, అన్ని రాష్ట్రాలకీ లెటర్ పంపింది, 23 జాతుల కుక్కల్ని దిగుమతి చెయ్యొద్దు, పెంచి అమ్మొద్దు, లైసెన్సులివ్వొద్దు, ఆల్రెడీ ఉన్నవాటికి కు.ని. ఆపరేషన్ చేయించండి అని. అంతకుముందు ఢిల్లీ హైకోర్టు మూడు నెలల్లో తేల్చండి అంటే తేల్చారన్నమాట. పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో అన్నీ ఉన్నాయి. ఆ లిస్టు మళ్ళీ వెతికించి చదివాను, టోసా ఇను అని ఒక చోట ఉంది, కిందకెళ్తే జపనీస్ టోసా అని మళ్ళీ ఉంది, రెండూ ఒకటే కుక్క! టెరియర్లు అని ఊరికే రాసీసారు, టెరియర్ అంటే పిల్లి సైజులో ఉండేవీ ఉంటాయి. పేపర్ బిల్లులో ఒకే ఇంటికి రెండు సార్లు రాస్తే నన్ను నిలబెట్టి అడుగుతారు. ఇంత చేసీ నెల తిరక్కుండానే ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ లెటర్ కొట్టీసింది, సంబంధం ఉన్నవాళ్ళని అడక్కుండా ఎలా ఇచ్చారు అని, ఢిల్లీ హైకోర్టులోనూ నిలబళ్ళేదు, అందర్నీ అడిగి మళ్ళీ చెయ్యండన్నారు. నా పేపర్ ఇళ్ళల్లో సగం మందికి బ్యాన్ అన్న వార్తే తెలుసు, కొట్టేసిన వార్త తెలీదు.

దాని వల్ల ఏం జరిగిందో కూడా చెప్తాను. ఆ మార్చి నెలలోనే మహేంద్రతనయ వంతెన దగ్గర పొద్దున్న ఒక పెద్ద కుక్క, మెడకి ఖరీదైన బెల్టు, రోడ్డు పక్కన కూర్చుని వచ్చే ప్రతి కారు వైపూ చూస్తోంది. బోర్డర్ అవతలోళ్ళు ఇవతలకి తెచ్చి ఒగ్గీసారో, ఇవతలోళ్ళో నాకు తెలీదు. నాలుగు రోజులు అక్కడే ఉంది, బిస్కట్ వేస్తే తినలేదు. ఐదో రోజు లేదు. భయపెట్టి రూలు పెడితే కుక్క రోడ్డు మీదకొస్తాది, ఇంట్లో ఉన్నప్పుడు కనీసం ఒక గేటు ఉండేది.

అలాగని జాతి ఏదైనా ఒకటే, అంతా పెంపకమే అని సిటీలో కుక్కల ప్రేమికులు అంటారు చూడండి, దానికీ నేను ఒప్పుకోను. మా వోడి చెయ్యి చూశాక ఒప్పుకోలేను. 2022 జూలైలో లక్నోలో ఒక పెద్దావిడని సొంత ఇంటి పిట్‌బులే చంపీసింది, కొడుకు ముద్దుగా పెంచుకున్న కుక్క. అదే ఏడాది ఘజియాబాద్ కార్పొరేషన్ పిట్‌బుల్, రాట్‌వీలర్, డోగో అర్జెంటీనో మూడూ వద్దంది. 2024 మేలో చెన్నైలో పార్కులో ఐదేళ్ళ పాప మీద రెండు రాట్‌వీలర్లు పడ్డాయి. లక్నో వార్త చదివినప్పుడు నాకు మేష్టారి ఇల్లు గుర్తుకు రాలేదు, అప్పటికి ఆ కుక్క లేదు కదా, ఇప్పుడు మాత్రం అదే గుర్తొస్తాది, ఆ నీళ్ళ బకెట్ అందకపోతే ఏటి, మా వోడు కాక ఆ పెద్దాయనే గుమ్మంలో జారి పడుంటే ఏటి అని.

బయట దేశాల్లో ఎలా ఉందో లాయర్ గారే చెప్పారు. ఇంగ్లండులో 1991లోనే చట్టం తెచ్చారంట, మొదట పిట్‌బుల్, టోసా, ఇంకో రెండు, నాలుగే జాతులు, 2024 ఫిబ్రవరి నించి ఎక్స్‌ఎల్ బుల్లీ అనేదాన్ని కూడా సర్టిఫికెట్ లేకుండా ఉంచుకోకూడదు. కాగితాలు కాదు, కుక్క ఆకారం కొలిచి చూస్తారంట. హాలండు వాళ్ళు 1993లో పిట్‌బుల్ నిషేధం పెట్టి 2008లో తీసేసారు. ఇదంతా అలా ఉంచండి, ఆ ఇంగ్లండు చట్టంలోనే ఇంకో ముక్క ఉందంట, అది నాకు నచ్చింది, జాతి ఏదైనా సరే అదుపు తప్పి మనిషి మీద పడి చంపితే దాని యజమానికి 14 ఏళ్ళ దాకా జైలు. జాతి ఏదైనా. అంటే పొమేరియన్ కూడా వస్తాది.

మనకి అసలు రూల్సు లేవా అంటే ఉన్నాయి. 2017లో కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళకి రూల్సు వచ్చాయి, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. మా బస్టాండులో పండ్ల అట్టపెట్టెకి కన్నాలు పెట్టి డ్రైవర్ సీటు వెనక పెట్టుకొచ్చే పిల్లలు కళ్ళు సరిగ్గా తెరవవు, వాటికి వారాలెవరు లెక్కపెట్టారు? పెట్టె మీద పంపినోడి పేరుండదు, తీసుకునేవోడి ఫోన్ నంబరే ఉంటాది.

మేష్టారి కుక్కకి లైసెన్సు తీయిద్దామని ఆయనా నేనూ ఒక మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాం, ఆయనే అడిగారు పాపం, ఇప్పుడైనా పద్ధతిగా ఉంచుదామని. క్లర్కు "కుక్కకి లైసెన్సా, వీధి కుక్కల కంప్లైంట్ ఫారం అయితే ఉంది" అన్నాడు. అతన్ని అనుకుని లాభం లేదు, 2025లో వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఆగస్టులో ఒక ఆర్డరు, దాన్ని మార్చి ఇంకో ఆర్డరు, నవంబర్లో స్కూళ్ళు ఆస్పత్రులు బస్టాండ్ల నించి తీసెయ్యండని ఇంకోటి, వీళ్ళ తలకాయలు అటే ఉన్నాయి. గేటు లోపలి కుక్క ఎవరి ఫైల్లోనూ లేదు.

అందుకని నేను అడిగేది చిన్నది. జాతుల లిస్టు మళ్ళీ వేస్తే వెయ్యండి, ఈసారి కుక్కలు తెలిసిన డాక్టర్లని కూర్చోబెట్టి వెయ్యండి, కానీ లిస్టుతో ఆపకండి. బ్రూనోకి కాగితాలే లేవు కదా, అది రాట్‌వీలర్ కాదండీ నాటు క్రాసు అంటే ఏ ఆఫీసరు కాదంటాడు? దానికన్నా ఇంత బరువు దాటిన కుక్క ఏదైనా సరే, దానికి మెడలో నంబరు, ఆ నంబరు కింద ఒక మనిషి పేరు, హైదరాబాదులో ఉన్న కొడుకు పేరు కాదు, ఆ ఇంట్లో రోజూ గొలుసు పట్టుకోగలిగిన మనిషి పేరు రాయించండి. అలాంటి మనిషి ఇంట్లో లేకపోతే ఆ కుక్క ఇవ్వకండి. రోడ్డు మీదకి తెస్తే పొట్టి గొలుసు, మూతికి చిక్కం, ఎద్దుకి కడితే లేని నామోషీ కుక్కకి కడితే ఎందుకు? కరిస్తే ఆస్పత్రి ఖర్చు, పోయిన పని రోజుల కూలీ యజమాని కట్టాలి, మేష్టారు మంచాయన కాబట్టి ఇచ్చారు, ఇవ్వనోడిని నాలాంటోడు ఏం చెయ్యగలడు.

ఇంకోటి, ఇది మా బోర్డర్ వాళ్ళకే తెలుస్తాది. ఆంధ్రాలో పెట్టి ఒడిశాలో పెట్టకపోతే, అక్కడ పెట్టి ఇక్కడ పెట్టకపోతే, ఆ రూలు పర్లాకిమిడి, పాతపట్నం, ఇచ్ఛాపురం, బరంపురం లాంటి ఊళ్ళల్లో పన్జెయ్యదు. సారా సంగతి చూశాం, పెట్రోలు రేటు సంగతి చూశాం, ఒక పైసా తేడా ఉన్నా క్యాన్లు పట్టుకుని అటు పోతారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం చేసి గీత గీసినప్పటి నించీ మా వాళ్ళు దేనికి ఎటు పోవాలో బాగా నేర్చుకున్నారు. అమ్మేవోడు పావుగంటలో అవతలికెళ్ళి అమ్ముతాడు, కుక్క తిరిగి ఇవతల గేటుకే వస్తాది. శ్రీకాకుళం, గజపతి రెండు జిల్లాల వాళ్ళూ కూర్చుని ఒకే రిజిస్టరు పెట్టుకుంటే చాలు, ఎర్ర కుక్కకి దాని హద్దు తెలుసు గానీ రాట్‌వీలర్‌కి స్టేట్ బోర్డర్ తెలీదు.

మావోడి చెయ్యి ఇప్పుడు బాగానే ఉంది, పిడికిలి పూర్తిగా మూయలేడు, ఎక్సర్‌సైజులు చేస్తున్నాడు. ఆదివారం రావడం మానేశాడు, నేనూ రమ్మనట్లేదు. బ్రూనోని కొడుకు తీసుకెళ్ళలేదు, అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోరంట. మేష్టారు గేటుకి బయట ఒక ప్లాస్టిక్ పైపు ముక్క కట్టించారు, పేపర్ అందులో దోపమని. కొక్కెం కొత్తది వేయించారు, నేనే కొని తెచ్చాను, నూట నలభై రూపాయలు.

ఈ ఉత్తరం వేస్తే ఆదివారం మాత్రం వెయ్యకండి సార్. ఆదివారం పేపర్ ఆ పైపులో పట్టదు, దిగి గేటు తియ్యాలి.

ఇట్లు
మీ పేపర్ వేసే మనిషి
పర్లాకిమిడి
(పేరు వెయ్యొద్దు, మేష్టారు కూడా మీ చందాదారే)